పరిశ్రమల కాలుష్యంపై నిఘా: ఏ ఉపగ్రహ చిత్రం, ఏ మ్యాపు ఎవరికి పనికొస్తుంది?

చెరువు నీళ్లు రంగు మారాయనో, ఫ్యాక్టరీ ప్రహరీ వెనక కొత్తగా గుంత తవ్వారనో, యాష్ పాండ్ (బూడిద చెరువు) కట్ట ఏటేటా పెరిగిపోతోందనో అనుమానం వచ్చినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "బాగా క్లియర్‌గా ఉండే శాటిలైట్ ఫొటో ఎక్కడ దొరుకుతుంది?" డబ్బులు వృథా అయ్యేది ఇక్కడే. ఇంటి ముందు ఆపిన కారు కూడా కనిపించేంత స్పష్టమైన ఫొటో మీకు కావాల్సిన రోజుది కాకపోవచ్చు. మీకు కావాల్సిన రోజున తీసిన దాంట్లో ఆ గుంత నాలుగు చుక్కలకు మించి కనిపించకపోవచ్చు. వదిలింది గాలిలోకి అయితే ఆ రెండిట్లోనూ ఏమీ కనిపించదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నీళ్లలో ఏ రసాయనం ఉందో ఉపగ్రహం చెప్పలేదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల ఉమ్మడి వ్యర్థ జలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఆ 31 మిల్లీగ్రాములు ఎంత ఖరీదైన ఉపగ్రహానికీ కనిపించవు. శాంపిల్ సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపితేనే తేలాయి. ఆ సీసా ఎక్కడ ముంచాలో, ఏ వారంలో ముంచాలో చెప్పడం వరకే చిత్రాల పని. కింద ఒక్కో ఆప్షన్‌ను ఆ లెక్కనే తూచాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది సైజు. ఉపగ్రహ చిత్రాల గురించి చెప్పేటప్పుడు 10 మీటర్లు, 30 మీటర్లు అంటుంటారు. చిత్రంలోని ఒక్కో పిక్సెల్ నేలమీద అంత పొడవు, అంత వెడల్పు ఉన్న ముక్క అన్నమాట. మనకు అలవాటైన కొలతల్లోకి మార్చుకుంటే వెంటనే అర్థమవుతుంది. 10 మీటర్ల పిక్సెల్ అంటే 100 చదరపు మీటర్లు: తెలంగాణ లెక్కలో దాదాపు సరిగ్గా ఒక గుంట, ఆంధ్రా లెక్కలో రెండున్నర సెంట్లు, ప్లాట్ల భాషలో 120 గజాలు. ఆ ముక్కలో సగం నీళ్లు, సగం గట్టు ఉంటే పిక్సెల్ రంగు రెండిటికీ మధ్యలో ఎక్కడో వస్తుంది. ఒక్క పిక్సెలైనా అచ్చంగా నీళ్లదే కావాలంటే గుంత అటు మూడు, ఇటు మూడు పిక్సెళ్లయినా ఉండాలి. అంటే తొమ్మిది గుంటలు. పావెకరం కంటే చిన్న గుంతల జోలికి 10 మీటర్ల చిత్రంతో పోవద్దు. సన్నని నాలాల సంగతీ అంతే.

రెండోది, ఎన్నాళ్లకోసారి కావాలి. కట్ట ఎత్తు పెంచడం, కొత్త షెడ్డు లేవడం నెలల మీద జరిగే పని. ట్యాంకర్ తెచ్చి వాగులో గుమ్మరించడం అరగంట పని. రెండోదాన్ని ఉపగ్రహంతో పట్టుకుందామనుకుంటే నిరాశే మిగులుతుంది.

దీనికి తోడు వేళ. భూమి మీది మార్పులు చూసే ఉచిత కెమెరా ఉపగ్రహాలు మన మీదుగా ఉదయం పది, పదకొండు మధ్య వెళ్తాయి. రాత్రి వదిలింది తెల్లారేసరికి కొట్టుకుపోతే ఫొటోలో ఉండదు. మబ్బుల బెడద సరేసరి. తెలంగాణలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, కోస్తాలో అక్టోబర్, నవంబర్ కూడా కలుపుకుని, మామూలు కెమెరా ఉన్న ఉపగ్రహాలు చాలా రోజులు తెల్లటి దూదిని తప్ప ఇంకేమీ చూపించవు. వాన పడితే చాలు వ్యర్థ జలాలను వదిలేస్తారని పారిశ్రామికవాడల కింది రైతులు అంటూనే ఉంటారు. సరిగ్గా ఆ రోజులే మనకు కనిపించని రోజులు.

ఆ తర్వాత పాత రికార్డు ఎంత వెనక్కి ఉంది, ఖర్చెంత, నేర్చుకోవడానికి ఎంత ఓపిక కావాలి. ఇవి మనిషిని బట్టి మారతాయి కాబట్టి చివర్లో చూద్దాం.

| ఆప్షన్ | ఒక్క పిక్సెల్ నేలమీద | ఎన్నాళ్లకోసారి | మబ్బులో | ఖర్చు |
|---|---|---|---|---|
| గూగుల్ ఎర్త్ ప్రో పాత చిత్రాలు | చోటును బట్టి, చాలాచోట్ల గజం లోపే | ఖచ్చితంగా చెప్పలేం | పనికిరాదు | ఉచితం |
| సెంటినెల్-2 | 120 గజాలు, ఒక గుంట | 5 రోజులు | పనికిరాదు | ఉచితం |
| ల్యాండ్‌శాట్ 8, 9 | సుమారు 1,075 గజాలు, 9 గుంటలు | రెండూ కలిపి 8 రోజులు | పనికిరాదు | ఉచితం |
| రిసోర్స్‌శాట్ లిస్-4 | 40 గజాలు | అందుబాటును బట్టి | పనికిరాదు | ఉచితం |
| సెంటినెల్-1 రాడార్ | చిత్రం రకాన్ని బట్టి, గుంటకు అటూఇటూ | ఒక్కో ఉపగ్రహం 12 రోజులు | పనిచేస్తుంది | ఉచితం |
| సెంటినెల్-5పి (గాలి) | సుమారు 4,750 ఎకరాలు | రోజూ | ఇబ్బందే | ఉచితం |
| ప్లానెట్‌స్కోప్ | 11 గజాలు | దాదాపు రోజూ | పనికిరాదు | చందా |
| 30 సెంటీమీటర్ల వాణిజ్య చిత్రాలు | ఒక చదరపు అడుగు | ఆర్డర్ చేస్తే | పనికిరాదు | ఖరీదే |
| డ్రోన్ | అరచేతి కంటే తక్కువ | మీ ఇష్టం | మబ్బు కింద ఎగురుతుంది, వానలో ఎగరదు | పరికరం, మనిషి, అనుమతి |

ఈ పట్టికలో గాలి ఉపగ్రహం దగ్గరున్న 4,750 ఎకరాల అంకెను ఇంకోసారి చూడండి. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

## సెంటినెల్-2: చాలామందికి ఇదొక్కటీ చాలు

ఐరోపా అంతరిక్ష సంస్థ 2015లో మొదటి సెంటినెల్-2ను పంపింది. 2017లో రెండోది వెళ్లాక ఐదు రోజులకోసారి చిత్రం రావడం మొదలైంది. కాంతిని ఇది 13 బ్యాండ్లుగా, అంటే పట్టీలుగా, విడదీసి చూస్తుంది. వాటిలో కంటికి కనిపించే రంగులు, మొక్కలను పట్టించే ఒక పరారుణ బ్యాండ్ 10 మీటర్లలో వస్తాయి. తేమను, కాలిన నేలను చూపించేవి 20 మీటర్లలో ఉంటాయి. కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరిస్తే ఏ సాఫ్ట్‌వేరూ వేసుకోకుండా ఫోన్‌లో కూడా చూడొచ్చు, కానీ ల్యాప్‌టాప్ అయితే ప్రాణం సుఖం. చిత్రాల్లో రెండు రకాలుంటాయి. గాలి పొర ప్రభావాన్ని తీసేసిన ఎల్2ఏ రకాన్నే తీసుకోండి. లేకపోతే రెండు తేదీల మధ్య తేడా నీటిదో, ఆ రోజు పట్టిన మంచుదో తేలదు.

చెరువుల విషయంలో దీన్ని ఎలా వాడాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎక్కువమందికి అవసరమయ్యేది ఇదే. చేపలు చచ్చి తేలి చాలాసార్లు వార్తల్లోకెక్కిన గండిగూడెం లాంటి చెరువును తీసుకోండి. డిసెంబర్ నుంచి మే మధ్య, మబ్బు లేని తేదీలు కొన్ని, మూడు నాలుగేళ్లవి ఏరుకోండి. గట్టు నుంచి రెండు పిక్సెళ్లు లోపలికి జరిగి నీటి మీద ఒక గీత చుట్టండి. బ్రౌజరే ఆ గీత లోపలి సగటును తేదీలవారీగా గ్రాఫ్ గీసిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ బ్యాండ్ల తేడాతో లెక్కగట్టే బురద సూచిక అయితే మొదలుపెట్టడానికి సరిపోతుంది. అక్కడితో ఆగకండి. ఎగువన ఫ్యాక్టరీలు లేని ఇంకో చెరువును దగ్గర్లోనే చూసి, అదే తేదీలకు అదే పని చేయండి. రెండు గ్రాఫులూ ఒకేలా కదిలితే అది వాన తెచ్చిన ఎర్రమట్టో, ఎండాకాలపు నాచో. మీ చెరువు ఒక్కటే దారి తప్పితే, ఆ తేదీలు పట్టుకుని ఎగువ నాలా కలిసే చోటికి వెళ్లాలి. ఈ రెండో చెరువు లేని గ్రాఫ్‌ను ఎవరు తెచ్చి చూపించినా నేను నమ్మను.

మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. పరారుణం కలిపిన చిత్రంలో మొక్కలు ఎర్రగా కనిపిస్తాయి. చెరువంతా ఎర్రగా కనిపించిందని రసాయనాలు కలిశాయని పోస్టులు పెట్టేవాళ్లున్నారు. అది చాలాసార్లు గుర్రపుడెక్క. గుర్రపుడెక్క పెరిగిందంటే మురుగునీరు చేరుతోందని అర్థం, ఫ్యాక్టరీ నీరు అని కాదు. రెండూ కలిసిన చెరువులూ బోలెడు. మబ్బు నీడ పడిన నీళ్లు తారులా నల్లగా కనిపిస్తాయి. పక్కనే మబ్బు ఉందేమో చూడకుండా కంగారుపడొద్దు. తెల్లటి మెరుపు ఒక్కోసారి నురగ, ఒక్కోసారి నీటిమీద పడిన ఎండ. నాలా మీద నాలుగైదు మీటర్ల వెడల్పున తేలే నురగైతే 10 మీటర్ల పిక్సెల్‌లో ఎలాగూ కలిసిపోతుంది.

## ల్యాండ్‌శాట్: పాత పద్దు

ఇప్పుడు ఏం జరుగుతోందో చూడటానికి అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్ సెంటినెల్-2 ముందు నిలవదు. దాని బలం గతం. 1984 నుంచి 30 మీటర్ల చిత్రాలున్నాయి, 2008 నుంచి అన్నీ ఉచితం. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల చుట్టూ పొలాలు షెడ్లుగా మారిన తీరు, ఏ కుంట ఎప్పుడు కనుమరుగైంది లాంటివి చెప్పాలంటే ఇది తప్ప దారి లేదు. "ఫ్యాక్టరీ ముందా, ఊరు ముందా" అన్న పాత గొడవకు కూడా ఇది సాక్ష్యం పలుకుతుంది. ఉష్ణోగ్రత బ్యాండ్ ఉండటం దీని రెండో లాభం. కాకపోతే అసలు కొలత 100 మీటర్లది. విద్యుత్ కేంద్రం సముద్రంలోకి వదిలే వేడినీళ్ల చార కనిపించొచ్చు, ఒక చిన్న యూనిట్ కాలువ కనిపించదు.

## భువన్, భూనిధి

హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ (ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) నడిపే మ్యాపుల సైటు భువన్ 2009లో వచ్చింది. భూ వినియోగం మ్యాపులు, ఇతర పొరలు అందులో చూడొచ్చు. చిత్రాలు డౌన్‌లోడ్ చేసుకోవాలంటే అదే సంస్థకు చెందిన భూనిధికి వెళ్లాలి. 5 మీటర్లు, అంతకంటే మొరటు చిత్రాలను ఉచితంగా ఇవ్వాలని 2023 భారత అంతరిక్ష విధానం చెబుతోంది. ఇస్రో ఉపగ్రహం రిసోర్స్‌శాట్‌లోని లిస్-4 కెమెరా చిత్రం 5.8 మీటర్లది కాబట్టి ఆ కోవలోకే వస్తుంది. ఒక్క సెంటినెల్ పిక్సెల్ పట్టే చోట ఇవి దాదాపు మూడు పడతాయి. పావెకరం లోపు గుంతలకు ఉచితంగా దొరికేవాటిలో నా ఓటు దీనికే. కాకపోతే దీనికి నీలం బ్యాండ్ లేదు, అందుకని కంటికి కనిపించే రంగుల్లో చిత్రం రాదు. నీటి రంగు చూద్దామనుకునేవాళ్లకు అది పెద్ద లోటు. సైట్లు కాస్త నెమ్మది, ఓపిక పట్టాలి.

## మబ్బుల్లోంచి చూసే రాడార్

సెంటినెల్-1 తన సంకేతాన్ని తానే పంపి, అది తిరిగొచ్చే తీరును కొలుస్తుంది. రాత్రీ పగలూ, మబ్బూ వానా దానికి ఒకటే. నీటి రంగు మాత్రం దానికి తెలియదు. అందుకే చెరువు కాలుష్యానికి దీన్ని నమ్ముకోకండి. రెండు పనులకు మాత్రం దీనికి సాటి లేదు. ఒకటి సముద్రం మీద చమురు. తెట్టు కట్టిన చోట అలలు అణిగి, చిత్రంలో నల్లటి మచ్చలా కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ తీరంలో చమురు ఒలికితే ఎటు కొట్టుకుపోతుందో అంచనా కట్టే ఏర్పాటు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ దగ్గరుంది.

రెండోది కట్టల కదలిక. రెండు తేదీల రాడార్ చిత్రాలను పోల్చి నేల ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో లెక్కగట్టొచ్చు. 2019 జనవరిలో బ్రెజిల్‌లోని బ్రుమాదిన్యోలో గని వ్యర్థాల కట్ట తెగి 270 మంది చనిపోయారు. ఆ తర్వాత పాత సెంటినెల్-1 డేటాను తిరగేసిన పరిశోధకులకు కట్ట కదలిక కనిపించింది. జరిగాక వెతికితే దొరకడం వేరు, ముందే గుర్తించడం వేరు అని విమర్శించేవాళ్లూ ఉన్నారు, ఆ మాటలో నిజముంది. మన దేశంలోనే 2020 ఏప్రిల్‌లో సింగ్రౌలీ దగ్గర సాసన్ విద్యుత్ కేంద్రం బూడిద కట్ట తెగి మనుషులు కొట్టుకుపోయారు. రామగుండం, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం, పరవాడ లాంటి చోట్ల పెద్ద బూడిద చెరువులను చూసుకునే ఇంజినీర్లు ఈ పద్ధతిని పట్టించుకోవాలి. ఊరివాళ్లు సొంతంగా చేసే పని కాదిది. సాఫ్ట్‌వేర్ ఉచితమే అయినా పట్టుబడటానికి నెలలు పడుతుంది. కట్ట ఎత్తు పెరిగిందా, బూడిద పక్క పొలాల్లోకి జారిందా అన్నది చూడటానికైతే సెంటినెల్-2 సరిపోతుంది, బూడిద నేల దాంట్లో విడిగా తెల్లగా తెలిసిపోతుంది.

## గాలి: ఇక్కడ ఆశలు తగ్గించుకోండి

సెంటినెల్-5పి 2017 అక్టోబర్‌లో వెళ్లింది. నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ లాంటివాటిని రోజూ కొలుస్తుంది. రంగురంగుల మ్యాపులు చూడగానే ఆకట్టుకుంటాయి, పేపర్లలో అచ్చవుతాయి. కానీ దాని పిక్సెల్ 5.5 కిలోమీటర్లు ఇంటు 3.5 కిలోమీటర్లు. ఆ 4,750 ఎకరాల్లో పాశమైలారం లాంటి పారిశ్రామికవాడలో ఎన్ని చిమ్నీలు పడతాయో ఊహించుకోండి. "ఫలానా కంపెనీ వదిలింది" అని దీన్ని చూపించి చెప్పలేరు. చుట్టూ వేరే పరిశ్రమలు లేని పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రం సంగతి కొంత నయం, నెలల సగటు తీస్తే దాని ముద్ర కనిపిస్తుంది. ఈ ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో. రాత్రిళ్లు వచ్చే ఘాటు వాసనకు, ద్రావకాల ఆవిరికి ఇది జవాబు చెప్పదు. వాసన సమస్య ఉన్నవాళ్లు తేదీ, గంట, గాలి దిశ రాసుకున్న నోట్‌బుక్‌ను నమ్ముకోవడం మేలు.

మంటల విషయంలో నాసా ఫర్మ్స్ సైట్ ఉంది. 375 మీటర్ల కొలతతో వేడిచుక్కలు చూపిస్తుంది, మెయిల్‌కు అలర్టూ పంపుతుంది. స్టీల్ ప్లాంట్ల దగ్గర చుక్క ఎప్పుడూ ఉండేదే, అది చూసి టెన్షన్ పడొద్దు.

## డబ్బు పెట్టి కొనేవి, ఎగరేసేవి

ప్లానెట్‌స్కోప్ దాదాపు రోజూ 3 మీటర్ల చిత్రం ఇస్తుంది. పెద్ద పారిశ్రామికవాడను రోజూ కనిపెట్టాల్సిన సంస్థకు చందా కట్టడం అర్థవంతమే. 30 సెంటీమీటర్ల చిత్రాల సంగతి వేరు. పాత చిత్రమైనా సాధారణంగా కనీసం 25 చదరపు కిలోమీటర్లు కొనమంటారు, మీ గుంత రెండెకరాలే అయినా సరే. కొనేముందు గూగుల్ ఎర్త్ ప్రోలో గడియారం గుర్తు నొక్కి పాత తేదీలన్నీ ఒకసారి తిరగేయండి. చాలాసార్లు అవే కంపెనీల చిత్రాలు అక్కడ ఉచితంగా కనిపిస్తాయి. కింద రాసి ఉండే తేదీని చూసుకోవడం మరవొద్దు, తెర మీద పక్కపక్కనే కనిపించే ముక్కలు వేర్వేరు ఏళ్లవి కావచ్చు.

డ్రోన్ చిత్రానికి తిరుగులేదు, సొంత ఆవరణలో ఎగరేసుకునే పరిశ్రమలకు మరీ. బయటివాళ్లకు అది తలనొప్పి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం దేశమంతా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లుగా విడదీశారు. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా విడిగా అనుమతి అక్కర్లేదు. విశాఖలో తూర్పు నౌకాదళ కేంద్రం, విమానాశ్రయం రెండూ ఉన్నాయి. అక్కడ జోన్ మ్యాప్ చూడకుండా డ్రోన్ పెట్టె తెరవడం కూడా వద్దు. జోన్ ఏదైనా ఇంకొకరి ఫ్యాక్టరీ మీద ఎగరేస్తే కాలుష్యం సంగతి పక్కకుపోయి మీమీద కేసు సంగతి ముందుకొస్తుంది.

## చిత్రం దొరికింది, మ్యాపు దేంట్లో?

గుర్తులు పెట్టుకుని నలుగురికీ వాట్సాప్‌లో పంపడానికి గూగుల్ ఎర్త్ ప్రో చాలు. ఆ గుర్తులను, హద్దులను కేఎంఎల్ అనే ఫైల్‌గా దాచుకోవచ్చు. పర్యావరణ అనుమతుల పరివేష్ పోర్టల్‌లో కంపెనీలు తమ స్థలం హద్దులను అదే రకం ఫైల్‌గా ఇస్తాయి. అనుమతి పత్రాల్లో ఉన్న హద్దుకు, నేలమీద తవ్విన చోటుకు పొంతన ఉందో లేదో ఒకదాని మీద ఒకటి పరిస్తే తెలిసిపోతుంది. నన్నడిగితే, ఈ ఒక్క పని చేయకుండా ఎవరూ ఫిర్యాదు రాయకూడదు.

దూరాలు, విస్తీర్ణాలు కొలవాలన్నా, గ్రామ నక్షా లేదా ఎఫ్ఎంబీ (సర్వే నంబర్ హద్దుల కొలతల పుస్తకం) స్కాన్‌ను చిత్రం మీద కూర్చోబెట్టి సర్వే నంబర్ చెప్పాలన్నా క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ కావాలి. ఉచితం, కొద్ది వారాల్లో పని నడిచేంత వస్తుంది. కొత్తవాళ్లు బోల్తాపడే చోటు ఒకటుంది: కిలోమీటరు వలయం గీయమంటే అది డిగ్రీల్లో గీసి రాష్ట్రమంతా పరుస్తుంది. ముందుగా పొరను మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలోని 44 ఉత్తర జోన్‌లోకి మార్చుకోవాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అన్నీ అందులోనివే. జహీరాబాద్, అనంతపురం 78 డిగ్రీల రేఖాంశానికి పడమర ఉన్నాయి కాబట్టి వాటికి 43.

వందల చెరువులు, పదేళ్ల చిత్రాలు ఒకేసారి లెక్కగట్టాలంటే గూగుల్ ఎర్త్ ఇంజిన్. కోడ్ రాయాలి. పరిశోధనకు, లాభాపేక్ష లేని పనికి ఉచితం. కంపెనీలకు, ప్రభుత్వ శాఖల రోజువారీ వాడకానికి షరతులు వేరు.

ప్రమాద మ్యాపులు వేరే జాతి. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్లోకి పాకింది. 12 మంది చనిపోయారు. ఆ వేళకు పైన ఏ ఉపగ్రహం ఉన్నా ఉపయోగం ఉండేది కాదు. పనికొచ్చేది అంతకు ముందే గీసి ఉంచాల్సిన మ్యాపు: ట్యాంకు ఎక్కడ, గాలి ఎటు, కిలోమీటరులో ఎన్ని ఇళ్లు, ఏ రోడ్డున బయటపడాలి. దీనికి అమెరికా సంస్థలు ఉచితంగా ఇచ్చే అలోహా సాఫ్ట్‌వేర్ ఉంది. రసాయనం, ట్యాంకు, వాతావరణ వివరాలిస్తే ప్రమాద వలయాన్ని గీసి మ్యాప్ మీదికి పంపుతుంది. గంటకు మించిన లీకునూ, 10 కిలోమీటర్లు దాటిన దూరాన్నీ అది లెక్కగట్టదు. గాలి బాగా మందగించిన రాత్రిళ్లు, కొండలు అడ్డున్న చోట దాని అంచనా నమ్మకంగా ఉండదు. విశాఖవాళ్లు ఈ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవాలి. వలయంలోని ఇళ్ల లెక్కకు గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్, ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ పొరలు ఉచితంగా దొరుకుతాయి. మ్యాపు ఉన్నంత మాత్రాన సరిపోదన్నదీ అదే ప్రమాదం చెబుతుంది: సైరన్లు ఉండి కూడా ఆ రోజు మోగించలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది.

## మీరెవరన్నదాన్ని బట్టి

చెరువు కింది రైతులు, స్థానిక సంఘాలు. సెంటినెల్-2, గూగుల్ ఎర్త్ ప్రో, పరివేష్ ఫైల్. ఇంతే. చిత్రాలకు ఒక్క రూపాయి పెట్టొద్దు. చందాలు పోగైతే గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో నీటి పరీక్షకు దాచండి. ఫోన్ జీపీఎస్ ఐదు పది మీటర్లు అటూఇటూ చూపిస్తుంది కాబట్టి శాంపిల్ తీసే చోటు ఫొటోలో గట్టు, చెట్టు లాంటి గుర్తేదైనా పడేలా చూసుకోండి. వీలైతే ఉపగ్రహం వచ్చే రోజునే తీయండి, ఆ తేదీలు ముందే తెలుస్తాయి.

కాలుష్య నియంత్రణ మండలి, జిల్లా అధికారులు. మీకు కావాల్సింది ఒక్క చెరువు కాదు, వరుస. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసి 43 చోట్లను తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా ప్రకటించింది. పటాన్‌చెరు-బొల్లారం, విశాఖపట్నం రెండూ అందులో ఉన్నాయి. అలాంటి చోట తనిఖీకి ముందు ఏ నాలాకు వెళ్లాలో సెంటినెల్-2 వరుస చెబుతుంది. ఆన్‌లైన్ మానిటర్లు పెట్టిన యూనిట్ల చుక్కలు, నాలాలు, చెరువుల పొరలు ఒకే క్యూజీఐఎస్ ఫైల్‌లో ఉంటే చాలు, పెద్ద డ్యాష్‌బోర్డు టెండర్ పిలవాల్సిన పని లేదు. ప్రమాదకర రసాయనాల నిబంధనల కింద ఆఫ్‌సైట్ ఎమర్జెన్సీ ప్లాన్లు, అంటే ఫ్యాక్టరీ బయటి జనం కోసం ప్రమాద ప్రణాళికలు, ఎలాగూ ఉండాలి. అవి కాగితం మీది గీతలుగానే ఉంటే ముందు వాటిని మ్యాపులోకి ఎక్కించండి.

పరిశ్రమలో భద్రత, పర్యావరణం చూసేవాళ్లు. డ్రోన్, అలోహా మీకే ఎక్కువ పనికొస్తాయి. వాన నీటి కాలువ, వ్యర్థ జలాల కాలువ ఎక్కడ కలుస్తున్నాయో డ్రోన్ మ్యాపులో మొదట చూడండి. బయటివాళ్ల చేతిలో మీ ఆవరణ పదేళ్ల చిత్రాలున్నాయని గుర్తుంచుకుని, ఏడాదికోసారి వాళ్లు చూసే చిత్రాలనే మీరూ చూసుకోవడం మంచిది.

విలేకరులు, విద్యార్థులు. ల్యాండ్‌శాట్ పాత చిత్రం, ఇప్పటి సెంటినెల్ చిత్రం పక్కపక్కన పెడితే కథ దానంతటదే నడుస్తుంది. రెండూ ఒకే నెలవి ఉండాలి. ఏప్రిల్ చెరువును అక్టోబర్ చెరువుతో పోల్చి కబ్జా అయిపోయిందని రాస్తే నవ్వులపాలవుతారు.

## ఫిర్యాదు దాకా వెళ్తే

జల చట్టం, 1974 ప్రకారం కేసులో చెల్లే శాంపిల్‌ను మండలి అధికారులే, 21వ సెక్షన్‌లో చెప్పిన పద్ధతిలో తీయాలి. మీరు తీయించిన పరీక్షా ఫలితం, మీ గ్రాఫూ వాళ్లను అక్కడికి రప్పించడానికి పనికొస్తాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్తే రెండు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ మండల బెంచ్. అక్కడ మామూలు ఫిర్యాదుకు గడువు కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలు, పరిహారం కోసమైతే ఐదేళ్లు. అంటే మీ చిత్రాల్లో మార్పు మొదట కనిపించిన తేదీ మీకు ఎంత ముఖ్యమో అవతలి లాయరుకూ అంతే ముఖ్యం. "మూడేళ్ల నుంచి కనిపిస్తూనే ఉంది కదా" అని ఆయన అదే చిత్రాన్ని మీమీదికి తిప్పగలడు. ఆ తేదీల పట్టికను ముందు మీ వకీలుకు చూపించండి.

స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా అసలు ఫైల్ డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. సెంటినెల్-2 ఫైల్ పేరులోనే ఉపగ్రహం, తేదీ, సమయం, టైల్ నంబర్ ఉంటాయి, ఆ పేరు మార్చొద్దు. గ్రాఫ్ ఏ గీత లోపలిదో ఆ కేఎంఎల్, పోల్చిన రెండో చెరువు కేఎంఎల్ కూడా దాంతోపాటే ఉంచండి. ఎలక్ట్రానిక్ రికార్డుగా దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ అడుగుతారు. డౌన్‌లోడ్ చేసిన కంప్యూటర్ ఎవరిదో వాళ్లు దాని మీద సంతకం పెట్టాల్సి వస్తుంది కాబట్టి, నెట్ సెంటర్‌లో కాకుండా మీలో ఒకరి ల్యాప్‌టాప్‌లోనే ఆ పని చేయండి.